పిత్తపరిగెకూ ఒక పేరుంది

బెంగళూరుకు తూర్పున హోస్కోటె ఊరు దాటాక మెయిన్ రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక చెరువు వస్తుంది. వానలు గట్టిగా పడిన ఏడు దాని అలుగు పారుతుంది. ఆ అలుగు కింద, రాళ్ల మధ్య మోకాటి లోతు నీళ్లలో చిటికెన వేలంత చేపలు గుంపులుగా ఎదురీదుతుంటాయి. వీలు దొరికిన ఆదివారం పొద్దున నేను అక్కడ ఉంటాను. చేతిలో రీలు లేని సన్నటి కర్ర, కర్ర చివర దారం, దారం చివర బియ్యపు గింజలో సగం ఉండే గాలం. పక్కన రాయి మీద ఒక గాజులాంటి ప్లాస్టిక్ డబ్బా.

ఆ దారిన పోయేవాళ్లు ఆగుతారు. డబ్బాలోకి తొంగి చూస్తారు. దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "అయ్యో, పిల్ల చేపలు కదన్నా, పెద్దవి కానీయండి." మంచి మనసుతో అనే మాటే అది. కానీ డబ్బాలో ఉన్నది పిల్ల చేప కాదు. అది పెరగాల్సినంతా పెరిగిపోయింది. ఇంకో రెండేళ్లు ఆగినా అరంగుళం కూడా పెరగదు. దానికి జతగాడు ఉన్నాడు, గుడ్లు పెట్టే కాలం ఉంది, ఇష్టమైన లోతు ఉంది, ఒక పేరు ఉంది. ఆ పేరు మనకు తెలియకపోవడం వల్ల ఎన్ని చిక్కులు వచ్చిపడ్డాయో చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇలా చిన్న జాతుల కోసమే గాలం వెయ్యడాన్ని మైక్రో ఫిషింగ్ అంటున్నారు. చేపను పట్టి, దగ్గరగా చూసి, ఫోటో తీసి, ఏ జాతో తేల్చుకుని, పట్టిన చోటే వదిలెయ్యాలి. పక్షులను చూసేవాళ్లు తాము చూసిన జాతుల లిస్టు రాసుకుంటారు కదా, ఇదీ అంతే. ఎన్ని కిలోలు అన్న ప్రశ్నే లేదు, ఎన్ని రకాలు అన్నదే లెక్క. దీని మూలాలు జపాన్‌లో ఉన్నాయి. టనాగో అనే చిన్న చేపను అతి చిన్న గాలంతో పట్టడం అక్కడ ఎడో కాలం (1603-1868) నుంచీ ఒక కళ. నాణెం మీద పట్టేంత చిన్నది దొరికితే అంత గొప్ప. ఆ టనాగో గుడ్లు పెట్టేది మంచినీటి ఆల్చిప్ప లోపల. అంటే ఆల్చిప్పలు చచ్చిపోయిన కాలువలో టనాగో కూడా ఉండదు. చిన్న చేపల వెంట తిరిగితే ఇలాంటి ముడులు చాలా కనిపిస్తాయి.

నా ఉద్యోగం మోటారు పంపుల సర్వీసింగ్. ఇల్లు బెంగళూరు కె.ఆర్.పురంలో, నెలలో సగం రోజులు రోడ్డు మీద. తుమకూరు, మండ్య, హాసన్, హిందూపురం, మదనపల్లె తిరుగుతుంటాను. బైక్ సంచిలో పానాల పక్కనే మడిచిన గాలం కర్ర ఉంటుంది. ముడిచినప్పుడు మూరెడు కూడా ఉండదు. పని అయిపోయాక అరగంట మిగిలితే చాలు, ఏదో ఒక కల్వర్టు కింద నీళ్లుంటాయి. ప్రయాణాలు చేసేవాళ్లకు ఇది నప్పడానికి కారణం కూడా అదే. పెద్ద చేపకు పడవ కావాలి, రోజంతా కావాలి. చిన్న చేపకు ఒక కాలువ, కాస్త ఓపిక చాలు.

ఇక పిల్ల ఏది, పెద్ద ఏది అన్న విషయానికి వస్తాను. ఒక ఆగస్టు నెలలో అదే హోస్కోటె అలుగు దగ్గర రెండు అంగుళాల పరిగె ఒకటి పడింది. డబ్బాలో నీళ్లు పోసి అందులోకి వదిలాను. ఒకసారి ఒళ్లు విదిలించింది. అడుగున రెండు మూడు గుడ్లు జారిపడ్డాయి. గసగసాలంత ఉన్నాయి, వెలుతురుకి పట్టి చూస్తే లేత పసుపు. పొట్ట ఉబ్బి ఉంది. వంగి చూస్తున్న నాకు అప్పటిదాకా పుస్తకంలో చదివిన విషయం కళ్లెదుట కనబడింది. గుడ్లతో ఉన్న తల్లిని చేతిలో పెట్టుకుని పిల్ల అంటున్నామన్నమాట. వెంటనే వదిలేశాను. ఆ నెలల్లో పొట్ట బరువుగా కనిపించిన చేపను ఇప్పుడు ఫోటో కోసం కూడా ఆపను.

మగవాటికి వేరే గుర్తులుంటాయి. జత కట్టే కాలంలో ఒంటి మీద ఎరుపు ఎక్కుతుంది. కొన్నిటికి మూతి మీద తెల్లటి చిన్న చిన్న మొటిమలు లేస్తాయి, వేలితో తాకితే గరుకుగా ఉంటాయి. వాటిని చూసి జబ్బు అనుకునేవాళ్లున్నారు, కానీ అది మగతనం గుర్తు. నిజమైన పిల్ల చేప వేరేలా ఉంటుంది. తలతో పోలిస్తే కన్ను బాగా పెద్దది, ఒళ్లు పలచగా ఉండి లోపలి వెన్ను నీడలా కనిపిస్తుంది, రెక్కలు ఇంకా పూర్తిగా విచ్చుకోవు. ఈ తేడా ఒక పది చేపలు చూస్తే కంటికి అలవాటైపోతుంది.

అయినా మోసపోయే చోట్లు ఉన్నాయి. జిలేబి (తిలాపియా) చేప పిల్లకు వీపు రెక్క వెనక భాగంలో గుండ్రటి నల్ల మచ్చ ఉంటుంది. పెద్దయ్యాక అది పోతుంది. మచ్చను చూసి కొత్త జాతి దొరికిందని సంబరపడేవాళ్లు చాలామంది. పడమటి కనుమల వాగుల్లో దొరికే డాకిన్సియా అనే చేప అయితే మరీ. పిల్లప్పుడు ఒంటి మీద నల్లటి అడ్డ పట్టీలు ఉంటాయి. పెరిగేకొద్దీ అవి చెరిగిపోయి తోక దగ్గర ఒక్క మచ్చ మిగులుతుంది, తోక కొనలు ఎర్రగా నల్లగా మారతాయి, మగదానికి వీపు రెక్క నుంచి దారాల్లాంటి పోగులు వేలాడతాయి. రెండూ ఒకే చేప అని ఎవరైనా చెప్తే తప్ప నమ్మలేం. ఎంత చిన్నదైనా పెద్దదే అయ్యుండవచ్చు అనడానికి చివరి ఉదాహరణ సుమత్రాలో ఉంది. పీడోసైప్రిస్ ప్రోజెనెటికా అనే చేప గురించి 2006లో ప్రకటించారు. దాని ఆడది 7.9 మిల్లీమీటర్లకే ఈడుకొస్తుంది. శనగ గింజ మీద పడుకోబెట్టవచ్చు.

పేర్ల సంగతి ఇంకా చిక్కు. మాది నెల్లూరు వైపు. ఒకసారి ఐదు రకాల చేపల ఫోటోలు మా మామకు వాట్సాప్‌లో పంపి పేర్లు చెప్పమన్నాను. ఆయన చిన్నప్పటి నుంచి పెన్నలో వల వేసిన మనిషి. ఫోన్ చేసి, "ఒరే అబ్బయా, అన్నీ పిత్తపరిగెలే కదరా, దీనికి ఫోటోలెందుకు?" అన్నాడు. మళ్లీ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూడమంటే అప్పుడు ఆయన లోపలి జ్ఞానం బయటికొచ్చింది. ఇది తింటే చేదుగా ఉంటుంది, ఇది వాన నీళ్లకే పైకెక్కుతుంది, దీని ముల్లు గొంతుకు అడ్డం పడుతుంది, ఇది ఇసుకదొందు, రాయి కింద ఉంటుంది అంటూ అరగంట చెప్పాడు. తేడాలన్నీ ఆయనకు తెలుసు. కానీ బజారులో అవన్నీ కలిపి ఒకే కుప్పగా పోస్తారు కాబట్టి పేరు కూడా ఒకే కుప్పగా మిగిలింది. కొర్రమేను, బొచ్చె, వాలుగ లాంటి డబ్బు పలికే చేపలకు ఒక్కోదానికి ఒక్కో పేరు నిలబడింది. మిగతావన్నీ పిత్తపరిగెలు, చిన్నాచితకా. వార్తల్లో కూడా దొరికిన చిన్న నేరగాళ్లను పిత్తపరిగెలనే అంటారు కదా.

శాస్త్రం వాళ్ల దగ్గరైనా పేర్లు స్థిరంగా ఉన్నాయా అంటే, అవీ కదిలాయి. కానీ ఆ కథ వింటే మన పేర్లే అక్కడికి వెళ్లాయని తెలుస్తుంది. ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండ్ డాక్టరు, టిప్పు ఓటమి తరవాత 1800లో మైసూరు రాజ్యాన్ని సర్వే చెయ్యడానికి మద్రాసు నుంచి బెంగళూరు మీదుగా వెళ్లాడు. తరవాత ఇంటిపేరు హామిల్టన్ అయింది. ఆయన 1822లో గంగా నది చేపల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. చేపలకు లాటిన్ పేర్లు పెట్టేటప్పుడు బెంగాల్‌లో జనం పిలిచే పేర్లనే తీసుకున్నాడు. రెరియో, టిక్టో, సోఫోరె అలా వచ్చినవే. సోఫోరె అంటుంటే నాకు సంస్కృతంలోని శఫరి వినిపిస్తుంది. శఫరికి తెలుగులో బేడిస. మన కవులు అందమైన కళ్లను పోల్చింది దానితోనే. నీళ్లలో వెండి మెరుపులా పక్కకు తిరిగే ఆ చిన్న చేపను దగ్గరగా చూసినవాళ్లకే ఆ పోలిక తడుతుంది.

హామిల్టన్ పుస్తకానికి బొమ్మలు గీసినవాళ్లలో హలుదార్ అనే బెంగాలీ చిత్రకారుడు ఉన్నాడు. దాదాపు 200 ఏళ్లు ఆయన పేరు ఎవరికీ పట్టలేదు. మన పరిగెల్లో చాలావాటిని పుంటియస్ అనే ఒకే ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) కింద పెట్టేవారు. 2012లో పరిశోధకులు దాన్ని విడదీసి పెథియా, డాకిన్సియా, ద్రవిడియా లాంటి కొత్త ప్రజాతులు ఏర్పరచారు. ద్రవిడియా అన్న పేరు అంతకుముందే ఒక పురుగుకు ఉందని తేలింది. జంతువుల్లో ఒకే ప్రజాతి పేరు రెండింటికి ఉండకూడదు. అందుకని మరుసటి ఏడాది దాన్ని హలుదారియా అని మార్చారు. ఆ చిత్రకారుడి పేరే. కొడగు, మలెనాడు వైపు వాగుల్లో నల్ల పట్టీలతో ఈ చేప కనిపించినప్పుడల్లా నాకు ఆయన చెయ్యి గుర్తొస్తుంది.

ఈ మార్పుల వల్ల పాత పుస్తకంలో పుంటియస్ టిక్టో అని ఉన్నది కొత్తదానిలో పెథియా టిక్టో అని ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. పేరులో రెండో మాట పట్టుకుంటే చాలు, అది చాలావరకు మారదు. చేపను గుర్తుపట్టడానికి మచ్చలు ఎక్కడున్నాయో చూడాలి. సోఫోరెకి వీపు రెక్క మొదట్లో ఒకటి, తోక మొదట్లో ఒకటి. టిక్టోకి మొప్ప వెనక చిన్నది ఒకటి, తోక వైపు పెద్దది ఒకటి. తరవాత మూతి దగ్గర మీసాలున్నాయా, ఎన్ని జతలు అని చూడాలి. ఎసోమస్ అనే చేపకైతే మీసాలు ఒంట్లో సగం దాకా వస్తాయి. రాస్బోరా అనే చేపకు పక్కన ఒంటి పొడవునా ముదురు గీత. ఇవన్నీ ఒడ్డు మీద ఎగిరే చేపలో కనిపించవు. డబ్బాలో రెక్కలు విప్పుకుని నిలబడినప్పుడే కనిపిస్తాయి. డబ్బా ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు అది.

ఇప్పుడు బెంగళూరు నీళ్ల గురించి. ఈ ఊళ్లో మొదటిసారి చిన్న గాలం వేసినవాళ్లకు చాలావరకు దొరికేది మన చేపే కాదు. గంబూషియా, గప్పీ, జిలేబి, ఈ మూడింటిలో ఒకటి. గంబూషియా గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? దోమల నివారణకు చెరువుల్లో, కుంటల్లో వదిలారని ప్రతి వానాకాలం పేపర్లో ఫోటో వస్తుంది. అది అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాల చేప. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. అందుకే త్వరత్వరగా పెరిగిపోతుంది. దోమ పిల్లలను తినడం నిజమే, కానీ అంతటితో ఆగదు. మన చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది, రెక్కలు కొరుకుతుంది. జిలేబి ఆఫ్రికాది, 1952లో వచ్చింది. మన వైపు చైనా గొరక అంటారు కానీ దానికీ చైనాకూ సంబంధం లేదు. ప్రపంచంలో అత్యంత చెడ్డ చొరబాటు జీవులు వంద అని తయారు చేసిన లిస్టులో ఈ రెండూ ఉన్నాయి.

నన్ను బాధ పెట్టేది ఏమిటంటే, గంబూషియా చెయ్యాల్సిన పనిని చేసే చేప మనకు ముందు నుంచీ ఉంది. అప్లోకైలస్ అంటారు. నీటి పైపొరలోనే తిరుగుతుంది, నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, దోమ పిల్లలను బాగా తింటుంది. నడినెత్తిన వెండి చుక్క ఒకటి ఉంటుంది. ఒడ్డున నిలబడి కిందికి చూస్తే నీళ్ల మీద మెరిసే చుక్కలు కదులుతున్నట్టు ఉంటుంది. ఎన్నో బావుల్లో, పొలం కాలువల్లో అది ఉండేది. దానికి జనం నోట పేరు నిలబడి ఉంటే, చెరువులోకి ఏం వదలాలని అధికారులు ఆలోచించినప్పుడు ఎవరో ఒకరు ఆ పేరు ఎత్తేవారని నా నమ్మకం.

నగరం లోపలి చెరువుల్లో బయటి చేపలే మిగలడానికి మురుగు కూడా కారణం. నీరు వేడెక్కేకొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. దాని మీద మురుగు కుళ్లితే ఆ మిగిలింది కూడా పోతుంది. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. బెళ్ళందూరు చెరువు 2015లోనూ 2017లోనూ మంటలు అంటుకుని దేశమంతా చూసింది. అలాంటి నీళ్లలో పైకొచ్చి నోరు తెరిచి బతకగలిగేవే మిగులుతాయి. గప్పీలు అందులో దిట్ట. కాబట్టి ఒక కాలువలో పది గాలాలు వేస్తే పదీ గప్పీలే పడ్డాయంటే ఆ నీటికి ఏం జరిగిందో అర్థమైనట్టే.

ఇంకో మాట కూడా చెప్పాలి, అది మన ఆంధ్ర చెరువుల గురించి. చేపల పెంపకంలో ఈ చిన్న జాతులన్నిటికీ కలిపి ఒక పేరుంది: కలుపు చేపలు. బొచ్చె, శీలావతి పిల్లలను వదిలే ముందు చెరువులో కలుపు తీస్తారు. దానికి వాడేది ఇప్ప చెక్క (ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి), హెక్టారుకు 2500 కిలోల లెక్కన. అందులోని సపోనిన్ అనే పదార్థం చేపల రక్త కణాలను దెబ్బతీస్తుంది. రెండు మూడు వారాల్లో విషం విరిగిపోయి చెక్క ఎరువవుతుంది. రైతు కోణంలో చూస్తే ఇది సబబే. కొన్న మేత కలుపు చేపలు తినేస్తే నష్టం ఆయనదే. నాకు అభ్యంతరం సొంత చెరువులో చేసే పని మీద లేదు, ఆ మాట అక్కడి నుంచి కాలువలకు, వాగులకు, ఊరి చెరువులకు పాకడం మీద ఉంది. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిన్న చేపలో విటమిన్ ఎ చాలా ఎక్కువ ఉందని గమనించి, పెద్ద చేపలతో కలిపి దాన్ని పెంచడం మొదలుపెట్టారు. తలతో, కళ్లతో, ముల్లుతో సహా తినే చేప కాబట్టి ఎముకల్లోని కాల్షియం కూడా అందుతుంది. మా అమ్మమ్మ పిత్తపరిగెలను బూడిదలో రుద్ది, పులుసు పెట్టి, ముళ్లు ఏరకుండా నమిలి తినేది. కలుపు అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. పరిశోధనశాలల్లో కూడా చిన్న చేపే పెద్ద పని చేస్తోంది. హామిల్టన్ 1822లో రెరియో అని పేరు పెట్టిన చిన్న చేపే (డానియో రెరియో) ఇప్పటి జీబ్రా ఫిష్. దాని జన్యుపటం 2013లో పూర్తిగా వచ్చింది, మనిషి జన్యువుల్లో 70 శాతానికి దానిలో జోడీ దొరికింది. హైదరాబాద్‌లో, బెంగళూరులో ల్యాబుల్లో తొట్లు తొట్లుగా పెంచుతున్నారు.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎంత సన్నని దారం దొరికితే అంత మంచిది. గాలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, షాపులో ఉన్న అతి చిన్నది అడగండి. గాలం మీది చిన్న ముల్లును పట్టకారుతో నొక్కి చదును చెయ్యండి, చేప నోరు చిరగకుండా విడిపోతుంది. ఎర అంటే గోధుమపిండి ముద్ద నువ్వు గింజంత, లేదా వానపాము ముక్క అంతే. బెండు కావాలంటే జొన్న బెండు ముక్క చాలు.

అసలు నేర్చుకోవాల్సింది ఎప్పుడు లేపాలన్నది. పెద్ద చేప బెండును గుటుక్కున ముంచేస్తుంది. పరిగెకు దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. ఎరను నోటితో పీల్చి, రుచి చూసి, అనుమానం వస్తే కన్ను మూసి తెరిచేలోపు ఊసేస్తుంది. బెండు కదలనే కదలదు. అందుకే బెండు వైపు చూడకుండా నీళ్లలోని తెల్లటి పిండి చుక్కనే చూస్తూ కూర్చోవాలి. చుట్టూ ఐదారు చేపలు చేరతాయి. ఒకటి మూతితో తోస్తుంది. ఇంకొకటి తీసుకుని వదిలేస్తుంది. చుక్క ఉన్నట్టుండి మాయమవుతుంది. ఆ క్షణం మణికట్టు కొంచెం పైకి లేపాలి, లాగకూడదు. నాకు ఇది పట్టుబడటానికి ఒక వానాకాలం మొత్తం పట్టింది. ఆఫీసు టెన్షన్ ఎంతున్నా ఆ తెల్ల చుక్క ముందు నిలవదు.

చెయ్యి ముందు నీళ్లలో తడపండి. చేప ఒంటి మీది జిగురే దానికి రక్షణ, పొడి చెయ్యి దాన్ని తుడిచేస్తుంది. డబ్బాలో నీళ్లు నిండుగా ఉండాలి, నీడలో ఉండాలి. ఒక నిమిషంలో ఫోటో అయిపోవాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు నేను గాలం వెయ్యను, ఆక్సిజన్ లెక్క పైన చెప్పాను కదా. జెల్ల పడితే జాగ్రత్త, పక్క రెక్కల ముళ్లు బిగుసుకుని నిలబడతాయి, గుచ్చుకుంటే సాయంత్రం దాకా మంట. దొరికింది గంబూషియా అయినా, గప్పీ అయినా తీసుకెళ్లి ఇంకో నీళ్లలో మాత్రం వదలకండి. ఇంటి అక్వేరియం చేపలను చెరువులో వదిలే పుణ్యం కూడా వద్దు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోయేముందు దారం, డబ్బా ఎండలో బాగా ఆరబెట్టండి.

చట్టం దగ్గర చాలామందికి అనుమానాలున్నాయి. చెరువు ఊరిదే అయినా, అందులో చేపల హక్కు చాలాచోట్ల టెండరు పాడుకున్నవాళ్లదై ఉంటుంది. వదిలేస్తాను అని చెప్పినా ముందు అడగడమే పద్ధతి. నేను డబ్బా చూపించి అడుగుతాను, ఇప్పటిదాకా కాదన్నవాళ్లు తక్కువ. నగరంలో చాలా చెరువుల దగ్గర చేపలు పట్టరాదని బోర్డు ఉంటుంది, ఉంటే అంతటితో వెనక్కి రావాల్సిందే. అభయారణ్యాలు, నేషనల్ పార్కుల లోపల కర్ర బయటికి తియ్యనే కూడదు. అక్కడ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణలో డెనిసన్ బార్బ్ అనే చిన్న చేపను మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జీవుల లిస్టులో చేర్చారు. మిస్ కేరళ అని అక్వేరియం షాపుల్లో అమ్ముడుపోయింది అదే. కర్ణాటక, కేరళ వాగుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అలాంటి అరుదైన చేప కంటబడితే ఆ చోటు ఎక్కడో బయటపెట్టకండి. ఫోటో కింద పెట్టిన లొకేషన్ చూసి వల పట్టుకుని వచ్చేవాళ్లుంటారు. ఇక శృంగేరిలో తుంగ ఒడ్డున, గుడి మెట్ల దగ్గర చేపలకు మరమరాలు వేసే చోట గాలం ఊసే ఎత్తకూడదని మనవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. కానీ ఈసారి వెళ్లినప్పుడు ఆ పెద్ద చేపల మీద నుంచి చూపు తిప్పి మెట్ల అంచున చూడండి. పెద్దవి వదిలేసిన పొడి కోసం వేలెడంత చేపలు వేరే గుంపుగా తిరుగుతుంటాయి.

ఊరూరికీ చేప ఎందుకు మారుతుంది అన్నది చివరి ముడి. చేప కొండ దాటలేదు. నీరు ఎటు పారితే అటే దాని ప్రపంచం. ఒక మిట్టకు ఇటు పడిన వాన ఒక నదికి, అటు పడినది ఇంకో నదికి పోతే, రెండు వైపుల చేపలు లక్షల ఏళ్లు విడివిడిగా బతికి వేరే జాతులైపోగలవు. పడమటి కనుమల్లో 300కు పైగా మంచినీటి చేప జాతులుంటే, వాటిలో సగానికి పైగా ఇంకెక్కడా లేనివి కావడానికి ఇదొక ముఖ్య కారణం. సకలేశపుర నుంచి బిస్లె ఘాట్ దారిలో రోడ్డు పక్కన ఒక రాయి ఉంది. ఇటు బంగాళాఖాతం, అటు అరేబియా సముద్రం అని చూపిస్తుంది. అక్కడ ఆగి సెల్ఫీ తీసుకునేవాళ్లే ఎక్కువ. ఆ రాయికి రెండు వైపులా వాగుల్లో ఒక్కో ఉదయం కూర్చుంటే అది చెప్పేది చేపల్లో కనిపిస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. బెంగళూరే ఒక మిట్ట మీద కూర్చుంది. ఊరికి పడమర పడిన వాన వృషభావతిలో పడి, అర్కావతిలో కలిసి కావేరికి పోతుంది. తూర్పున పడింది చెరువు నుంచి చెరువుకు దిగి, దక్షిణ పినాకిని అయి, తమిళనాట కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నా హోస్కోటె అలుగు ఈ దారిలోదే. సూర్యోదయం చూడటానికి మనం తెల్లవారుజామున బైకులేసుకుని పోయే నంది కొండల చుట్టుపక్కలే అర్కావతి, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, మన పెన్న అన్నీ పుడతాయి. ఒకే పూట, ఒకే బండి మీద, మూడు నదుల చేపలు చూడవచ్చు. దేశంలో ఇలాంటి వీలున్న పెద్ద నగరం నాకు ఇంకోటి తట్టడం లేదు.

పోయిన అక్టోబరులో గౌరిబిదనూరు దగ్గర ఒక పని మీద వెళ్లాను. పెన్న ఆ ఊరి పక్క నుంచి హిందూపురం వైపు పోతుంది. ఎక్కువ రోజులు ఇసుకే, ఆ వారం మాత్రం వానలకు పారుతోంది. వంతెన కింద కూర్చుని గాలం వేస్తే పదేళ్ల పిల్లవాడు ఒకడు చేతిలో నీళ్ల సీసాతో వచ్చి పక్కన కూర్చున్నాడు. సీసాలో అప్పటికే ఏడెనిమిది చేపలున్నాయి, తువ్వాలుతో పట్టాడట. ఆ వైపంతా తెలుగు మాట్లాడతారు.

"మీవీ పరిగిలేనా?" అన్నాడు నా డబ్బా చూసి.

"పరిగెలే. కానీ రెండు రకాలున్నాయి, చూడు. దీనికి మచ్చ రెక్క కింద ఉంది, దీనికి మొప్ప వెనక ఉంది."

డబ్బాకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. తరవాత తన సీసాను ఎండకు ఎత్తి పట్టుకుని తిప్పుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఈ నీళ్లే జిల్లాలు దాటి మా మామ వల వేసే చోటికి పోతాయని వాడికి చెబుదామనుకున్నాను. వాడు వినే స్థితిలో లేడు.

"అంకుల్, నా దాంట్లో ఇంగోటి ఉండాది," అన్నాడు. "దీనికి మచ్చే లేదు. మీసాలు ఉండాయి, ఈడిదాకా." వేలితో తన పొట్ట దగ్గర చూపించాడు.

సీసా మూత తీసి, ఆ ఒక్కదాన్ని జాగ్రత్తగా నా డబ్బాలోకి వంచాడు.